సున్నా విలువ మాట

స్కానింగ్ గది ముందు బెంచీ మీద తండ్రీకూతుళ్లు కూర్చుని ఉన్నారు. ఆయన చేతులు వణుకుతున్నాయి. కూతురు చూడకుండా వాటిని చంకల్లో దాచుకున్నాడు.

"ఊరికే కూర్చునే బదులు నీ పీహెచ్‌డీ సంగతి చెప్పరాదూ?"

"సమాచారం అంటే ఏంటని ఒక్కో డిపార్ట్‌మెంట్‌కీ వెళ్లి అడుగుతున్నా నాన్నా. ఒక్కొక్కళ్లదీ ఒక్కో మాట."

"ఇన్నేళ్లుగా అదేనా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది!"

"ఎలుక కూడా ఇంకా దొరకలేదు. ఇంజనీర్లేమో, ముందే తెలిసిన మాట చెబితే అందులో సమాచారం సున్నా అంటారు."

"నాకు జ్వరమొచ్చినప్పుడల్లా మీ అమ్మ పక్కన కూర్చుని 'నేనున్నాగా' అనేది. ఎదురుగా కనిపిస్తూ మళ్లీ చెప్పడం దేనికి? అదీ సున్నాయేనా?"

"వాళ్ల లెక్కలో సున్నాయే."

"పిచ్చిది. బతికినన్నాళ్లూ సున్నాలే చెప్పింది."

"జీవశాస్త్రం వాళ్లు ఒప్పుకోరు నాన్నా. మాట కొత్తదా పాతదా అని కాదు, అది అందాక కణంలో ఏదైనా మారిందా అని చూస్తారు. మారితే అదే సమాచారం."

"ఇద్దరిలో ఎవరు రైటు?"

"అది తేలకే చివరి అధ్యాయం ఆగిపోయింది."

నర్సు తలుపు తీసి రమ్మంది. ఆయన లేచాడు గానీ అడుగు ముందుకు పడలేదు. కూతురు ఆయన చేతులు బయటికి తీసి, రెండూ కలిపి పట్టుకుంది.

"నేనున్నాగా నాన్నా."

"కనిపిస్తూనే ఉన్నావుగా," అన్నాడాయన. కాసేపు తన చేతుల వంకే చూసుకున్నాడు.

"చూడు తల్లీ, వణుకు ఆగింది. నీ ఇంజనీర్లని ఓసారి ఇటు రమ్మను."