ముఖం ఇవ్వలేదు

హలో… ఆ, నేనే. మీ మాట నమ్మి నట్టేట మునిగినదాన్ని!

…

కొట్టు నుంచే. కుట్టు మిషన్ ఆపి, షట్టర్ దించుకుని కూర్చున్నాను. మీ ఫోటోల ప్రదర్శన బ్యానర్ సరిగ్గా నా కొట్టుకి ఎదురుగా కట్టారు మాస్టారూ! రెండంతస్తులంత నేను!

…

అందంగా వచ్చిందా? చంపుతాను!

…

బట్టల్లేనందుకు కాదు నా ఏడుపు. ఇన్నేళ్ళూ ఆ ఫోటో ఎన్ని గోడలెక్కలేదు? నోరెత్తానా? మీ స్టూడియోకి తెరలు కుట్టడానికి వచ్చినదాన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టారు. మీకు వీపు పెట్టి, మోకాళ్ళు ముడుచుకున్నాను. "కదలకు, నువ్విప్పుడు వెలుగు పడ్డ ఇసుకతిన్నెవి" అన్నారు. ఇసుకతిన్నెకి ముక్కు దురద పెట్టినా కదల్లేదు!

…

నవ్వండి, నవ్వండి.

చివర్లో ఒక్కసారి మెడ తిప్పాను. అప్పుడే నొక్కారు. ముఖం పడిందని గోల పెడితే, చీకటి గదిలో నా కళ్ళముందే ప్రింటు వేశారు. అరచేతులు అడ్డం పెట్టి వీపుని కాపాడుతూ, ముఖం మీద మాత్రం వెలుగు పోస్తూనే ఉన్నారు. వెలుగు పడేకొద్దీ నల్లబడే కాగితం కదా అది… నా ముఖం చీకట్లో కలిసిపోయింది. ఎప్పుడు వేసినా ఇలాగే వేస్తానన్నారు. అన్నారా, లేదా?

…

మరి ఈసారి ఫిల్ము ఎవరికిచ్చారు?

…

కంప్యూటర్ వాళ్ళకా! ముఖం నల్లగా ఉంచమని చెప్పారా?

…

మర్చిపోయారు! ఎంత తేలిగ్గా అన్నారండీ! ఫిల్ములో నా ముఖం అలాగే ఉందిగా, అంతా బయటికి లాగేశారు వాళ్ళు. నా కనుబొమ్మ మీద గాటు కూడా కనిపిస్తోంది.

…

కళేంటి, కళ! వీపు ఇచ్చాను మీకు. ముఖం ఇవ్వలేదు.

…

ఉండండి… ఆ, వదినా! షట్టర్ ఇరుక్కుంది! తీస్తున్నా!

…

మా ఆయన అక్క. ఇంట్లో ఎవరికీ తెలియదని మీకు తెలుసు కదా? షట్టర్ కింది సందులోంచి ఆవిడ చెప్పులు కనిపిస్తున్నాయి. కాలివేళ్ళు ఇటే ఉన్నాయి, ఇంకా చూడలేదు. బ్యానర్ ఆవిడ వెనక.

…

వెనక దారి ఉంటే మీకెందుకు ఫోన్ చేస్తాను? ఉన్నది గోడే.

…

రేపు గ్యాలరీ వాళ్ళతో మాట్లాడతారా? రేపటికి నేనెక్కడుంటాను? మీ ఇల్లు ఈ వీధి చివరే కదా! నిచ్చెన తీసుకుని మీరే రండి. మీరే ఎక్కండి. ఆ రోజు వీపుకి అడ్డం పెట్టిన చేతులేగా, ఇవాళ ముఖానికి పెట్టండి. నల్ల గుడ్డ కావాలా? తానులు తానులున్నాయి నా దగ్గర!

…

ఆలోచించేదేంటి! … ఒక్క నిమిషం వదినా! ఇటే చూడు, వచ్చేస్తున్నా!

మాస్టారూ… చెప్పులు అటు తిరుగుతున్నాయి. ఫోన్ పెట్టేయండి. నిచ్చెన తెండి! ఇప్పుడే!