ఇంటికి ఒకే ఓటు

షామ్‌బర్గ్ దాటాక ఒక చిన్న టౌన్‌షిప్. ఓటింగ్ జరుగుతున్న లైబ్రరీ ముందు, ఆగి ఉన్న కారులో తండ్రీ కూతురూ.

“గుమ్మం దాకా వచ్చాక ఇంకా డిసైడ్ చేసుకోలేదంటే ఏంటి సాన్వీ?”

“తెలీదు నాన్నా. నిజంగా తెలీదు. రెండు పార్టీల హామీలూ చదివాను.”

“చదవడానికేముంది? ఒకటి ఫణి అంకుల్ నిలబడ్డ పార్టీ. రెండోది కాదు. అయిపోయింది.”

“అలా కాదు కదా.”

“అలాగే. నీకు సైకిల్ నేర్పిందెవరు? మొన్న సమ్మర్‌లో ఇంటర్న్‌షిప్ ఇచ్చిందెవరు?”

“ఫణి అంకుల్. అందుకే కదా తెలీట్లేదంటున్నా! అంకుల్ మంచోడే. ఆయన పార్టీ చెప్పేదే నచ్చలేదు.”

“టాక్స్ తగ్గిస్తామంటున్నారు. తప్పా?”

“తగ్గించడానికి ఏం మూసేస్తారో కూడా చెప్పారు. టౌన్‌షిప్ కౌన్సెలింగ్ సెంటర్. మనసు బాలేనివాళ్ళు ఫ్రీగా వెళ్ళి మాట్లాడుకునే చోటు నాన్నా అది.”

“మూసేస్తే మనకేం? మనింట్లో పిచ్చోళ్ళెవరూ లేరు.”

“పిచ్చోళ్ళనకు నాన్నా.”

“ఏం, అంటే ఏమైంది?”

“ఏం లేదు.”

“అవతలి పార్టీ ఆవిడ ఏం చేసిందో మర్చిపోయావా? మన గుడికి పార్కింగ్ ఇవ్వొద్దని మీటింగ్‌లో లేచి మరీ మాట్లాడింది. ఆవిడకేస్తావా?”

“గుర్తుంది. నాక్కూడా కోపమొచ్చింది. కానీ సెంటర్ ఉంచుతామంటోంది ఆవిడ పార్టీ ఒక్కటే.”

“మళ్ళీ సెంటర్! చూడమ్మా. ఇరవై ఏళ్ళ పైనే అయింది మేమొచ్చి. నాకు ఓటు లేదు, మీ అమ్మకి లేదు. గ్రీన్ కార్డ్ లైన్లో నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తున్నాయి. ఇక్కడ పుట్టావు కాబట్టి ఇంట్లో ఓటున్నది నీ ఒక్కదానికే. ఆ ఒక్క ఓటూ...”

“ఆ ఒక్కటీ నాదే కదా నాన్నా.”

“నీదే. నేను కాదన్నానా? కాకపోతే... ఫణికి మాటిచ్చాను.”

“ఏమని?”

“మా ఇంటి ఓటు నీకేనని.”

“నన్నడక్కుండా?”

“వాళ్ళింట్లో భోజనాలప్పుడు అందరి ముందూ అడిగాడు. మనోళ్ళందరూ మాటిస్తుంటే నేనొక్కణ్ణి పెరుగన్నం కలుపుకుంటూ కూర్చోనా?”

“అయితే వేసిందని చెప్పేయ్. లోపల ఎవరికేశానో ఎవరికి తెలుస్తుంది?”

“ఫోటో అడిగాడు.”

“ఏం ఫోటో?”

“నీ బాలట్ ఫోటో. వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు. సరదాకేలే.”

“నాన్నా! ఓటేసిన బాలట్ చూపించడం ఇక్కడ క్రైమ్!”

“అరవకు, అరవకు. అద్దం దించి ఉంది.”

“నువ్వు ఒప్పుకున్నావా?”

“వచ్చే నెల నా వీసా ఎక్స్‌టెన్షన్. సంతకం పెట్టాల్సింది ఫణి, కంపెనీ అతనిది. పెట్టకపోతే నేనూ మీ అమ్మా సామాన్లు సర్దుకోవాలి. నువ్వొక్కదానివే ఉంటావు ఇక్కడ.”

“వెయ్యకపోతే సంతకం పెట్టనని అన్నారా అంకుల్?”

“అనలేదు. అనాలా? పనిచ్చేవాడు ఓటడిగితే అన్నీ అందులోనే ఉంటాయి.”

“నువ్వే ఊహించుకుంటున్నావేమో.”

“ఏమో. ఇన్నాళ్ళూ ఊహించుకునే బతికాను. మెయిల్‌బాక్స్ తెరవాలన్నా భయమే నాకు.”

“నాకూ భయమే.”

“నీకేం భయం? నువ్వు సిటిజన్‌వి.”

“మీరు వెళ్ళిపోతారేమోనని. సిక్స్త్ గ్రేడ్ నించీ అదే. స్కూల్ నించి వచ్చేటప్పటికి ఇల్లు ఖాళీగా ఉంటుందేమోనని. ఒక్కోసారి ఊపిరాడదు నాన్నా. అందుకే వెళ్తున్నా.”

“ఎక్కడికి?”

“సెంటర్‌కి. గురువారం గురువారం. డిబేట్ ప్రాక్టీస్ అని చెప్పేది అబద్ధం. సారీ.”

“మీ అమ్మకి తెలుసా?”

“తెలీదు. ఎవరికీ చెప్పలేదు. తిడితే తిట్టు ఇప్పుడు.”

“అక్కడ... నా గురించి కూడా చెప్తావా?”

“చెప్తా. మంచిగానే. చాలావరకు.”

“ఊఁ.”

“సరే, ఫణి అంకుల్‌కే వేస్తా. ఫోటో మాత్రం తియ్యను. నాకు మీరు ఇక్కడ ఉండాలి, అంతే. వెళ్ళొస్తా.”

“ఆగు.”

“మళ్ళీ ఏంటి?”

“ఆగమన్నానా! డోర్ వేసి కూర్చో... ఆవిడకే వెయ్యి.”

“ఎవరికి?”

“ఆ పార్కింగ్ ఆవిడకి. సెంటర్ ఉంచేవాళ్ళకి.”

“మరి అంకుల్? ఫోటో?”

“మా అమ్మాయి తియ్యనంది అని చెప్తా. ఎవరికేసిందో నన్నడక్కు అంటా. కోపమొస్తే రానీ.”

“నీకు భయం కదా.”

“ఉండనీ. వెళ్ళు, లైను పెరుగుతోంది.”

“వద్దు నాన్నా. నా కోసం అంత రిస్క్ వద్దు. సెంటర్ మూసేసినా నాకేం కాదు. ఆగస్టులో కాలేజ్‌కి వెళ్ళిపోతా, అక్కడ కౌన్సెలర్లు ఉంటారు. నాకు దొరుకుతారు.”

“నీకు దొరుకుతారు తల్లీ. ఆఫీస్ ఇన్సూరెన్స్ వాడితే ఫణికి తెలిసిపోతుందని నేనూ ఆ సెంటర్‌కే వెళ్తున్నా. నీది గురువారం. నాది ఇవాళే, ఐదింటికి.”