చేతిని తప్ప అన్నీ మార్చాం

ఈ సభకి అధ్యక్షత వహిస్తున్న మా సంగీత కేంద్రం డైరెక్టరుగారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ విద్యార్థులకి, మా బావగారికి, అందరికీ నమస్కారం. అక్కా, మీకు మాత్రం విడిగా చెప్పుకోవాలి. మీకు పెట్టే నమస్కారంలో సగం భయమే ఉంటుంది. (నవ్వులు)

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి, ఇరవై రెండేళ్ళుగా అక్క పక్కన బల్ల దగ్గర తలొంచుకుని కూర్చున్నవాణ్ణి, మైకు ముందు నిలబడితే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీదు. అయినా ఇవాళ అక్క రిటైరవుతోంది, ఈ మాటలయ్యాక చివరిసారి వాయించబోతోంది, కాబట్టి నేను చెప్పాల్సింది ఈలోపే చెప్పాలి.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక్క మాట. అక్క ముందు మీకు వాద్యం ఏదీ కనపడదు. కుడిచేతికి ఒక తొడుగు ఉంటుంది, అంతే. వేలు వంచితే స్వరం మారుతుంది, మణికట్టు తిప్పితే శబ్దం పెరుగుతుంది, చెయ్యి పక్కకి జరిపితే ఆ శబ్దం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడుచుకుంటూ పోతుంది. ఆ కదలికలన్నీ కంప్యూటరుకి అర్థమయ్యేలా చెప్పే ప్రోగ్రాము నాది. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఆవిడ గిన్నెలు తోముకునే రబ్బరు తొడుగు ఒకటి వేసుకుని, దాన్నిండా వైర్లు వేలాడేసుకుని కూర్చునుంది. సరే, ఎవరో పాపం అనుకున్నాను. (నవ్వులు) ఆవిడ చిటికెనవేలు ఇంతే, ఇంత ఎత్తింది. నా వెనక ఎవరో ఊపిరి తీసినట్టు ఒక శబ్దం లేచింది. వెనక్కి తిరిగి చూశాను, గోడ తప్ప ఏమీ లేదు. "అటు కాదురా అబ్బాయ్, ఇటు" అంది. నోరెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాను. నిజం చెప్పొద్దూ, ఆ నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు.

ఆ రబ్బరు తొడుగు పోయి గుడ్డ తొడుగు వచ్చింది మా బావగారి పుణ్యమా అని. అక్క భర్త, ఆయన టైలరు. కరెంటు పారే సన్న దారంతో, భూతద్దం పెట్టుకుని, వేలు వేలుకీ కుట్టారు. "వందలమందికి చొక్కాలు కుట్టాను, అందరూ ఒకసారి కొలతలిచ్చి పోతారు, ఈవిడ మాత్రం పెళ్ళైన దగ్గర్నుంచీ కొలతలిస్తూనే ఉంది" అంటుంటారు. (నవ్వులు) నవ్వకండి బావగారూ, మీరే అన్నారు.

ఇక అసలు సంగతి. వాయించే ముందు అక్క చేతిని తొడ మీద పెట్టి పది సెకన్లు కదలకుండా ఉంచాలి. చెయ్యి కుదురుగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో యంత్రం అప్పుడు గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత ప్రతి కదలికనీ దాన్నుంచే కొలుస్తుంది. దాన్ని మేము జీరో పట్టడం అంటాం. నాలుగేళ్ళ కిందట ఒకరోజు జీరో పట్టలేదు. పది సెకన్లయింది, నిమిషమైంది, స్క్రీను మీద గీత కుదురుగా పడుకోవాల్సింది పోయి సన్నగా ఎగురుతూనే ఉంది. వైర్లకి నేను వేసే అతుకుల మీద నాకెప్పుడూ నమ్మకం లేదు, అక్కకి అసలే లేదు. "నీ అతుకేరా" అంది. మూడు సెన్సర్లు మార్చాను. కేబులు మార్చాను. కంప్యూటరు మార్చాను. బావగారు తొడుగు విప్పి రెండుసార్లు మళ్ళీ కుట్టారు. మూడు వారాలు తల పట్టుకున్నాం. చేతిని తప్ప అన్నీ మార్చాం.

చివరికి విసుగొచ్చి, ఎప్పుడూ చెయ్యని పని చేశాను. అక్క బయటికెళ్ళినప్పుడు ఆ తొడుగులో నా చెయ్యి దూర్చాను. గీత చాప పరిచినట్టు పడుకుంది. తొడుగు విప్పి, ఎక్కడిది అక్కడే పెట్టేశాను.

చెప్పలేదు. ఎలా చెప్పను? ఇంటికెళ్ళి నలభై లైన్ల ప్రోగ్రాము రాశాను. చేతిలో వణుకు వస్తే దాన్ని మింగేసి, మిగతాది శుభ్రంగా ముందుకి పంపుతుంది. "సెన్సరు మార్చానక్కా, బాగైంది" అని అబద్ధమాడాను. ఎనిమిది నెలలు కచేరీలు జరిగాయి, అందరూ ఆహా ఓహో అన్నారు, నేనూ చప్పట్లు కొట్టాను. ఒకరోజు రిహార్సల్లో అక్క చెయ్యి ముందుకి చాపి, ఒకే స్వరం పట్టి, చాలాసేపు తన చేతినే చూస్తూ కూర్చుంది. తర్వాత నావైపు తిరిగింది.

"నా చెయ్యి వణుకుతోంది. శబ్దం వణకట్లేదు. మరి వాయిస్తున్నదెవర్రా?"



పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. బావగారు ఫోన్ చేసి, "నువ్వేం చేశావో నాకు తెలీదు గానీ, శిక్ష నాక్కూడా పడింది, తొందరగా రాజీపడు నాయనా" అన్నారు. (నవ్వులు) పన్నెండో రోజు తనే వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుని, "దాన్ని మింగొద్దు. దానికో దారియ్యి" అంది. ఐదు నెలలు పట్టింది. వేలి కదలికని ఒక దారిలో, వణుకుని ఇంకో దారిలో పంపాం. వేలు స్వరం ఎత్తుకుంటే, వణుకు ఆ స్వరానికి మెరుపు పెడుతుంది. జీరో కూడా మార్చాం. చేతిని కదలకుండా ఉండమని అడగడం మానేసి, వణుకుకి నడిమధ్య ఎక్కడుందో అదే జీరో అన్నాం. ఆ తర్వాతి కచేరీలో అక్క, "నా చెయ్యి వణుకుతుంది, దాన్నీ వినండి" అని చెప్పి మొదలుపెట్టింది. నాలుగు నిమిషాలు ఒకే స్వరం. ఎవరూ దగ్గలేదు, కుర్చీ కిర్రుమనలేదు. ఎండపడ్డ నీళ్ళలా ఆ స్వరం పైకప్పంతా పాకింది. ఆ ప్రోగ్రాములో ప్రతి అక్షరం నేను రాసిందే, అయినా ఆ శబ్దం ఎక్కణ్ణించి వస్తోందో నాకు అంతుపట్టలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, స్క్రీను అలికేసినట్టయింది.

ఇప్పుడు చెప్పడానికి నోరు రాని మాట. ఈ నెలలో అక్క చేతి పట్టు ఇంకా జారింది. మొన్న రిహార్సల్లో రెండు స్వరాలు ఎగిరిపోయాయి. అధ్యక్షులవారూ, క్షమించాలి, మీరు ప్రేమతోనే నన్ను పక్కకి పిలిచి, "చివరి కచేరీ కదా, వణుకుని మింగే ఆ పాత ప్రోగ్రాము సిద్ధంగా ఉంచు" అన్నారు. నేను సిద్ధంగా ఉంచలేదండీ. మధ్యాహ్నమే పెట్టేశాను. ఇప్పుడు, ఈ నిమిషాన, ఆ కంప్యూటర్లో ఆ నలభై లైన్లు నడుస్తున్నాయి.

(సభలో కలకలం)

అక్కా, అలా చూడకండి. రెండోసారి కూడా మీకు చెప్పకుండానే చేశాను. మీ పరువు కోసమని నాకు నేను చెప్పుకున్నాను గానీ అది వట్టిమాట. మీ చేతి పట్టు ఎంత జారిందో వినే ధైర్యం నాకు లేదు. మీరు వెళ్ళిపోతున్నారన్నది నాకు మింగుడుపడటం లేదు. పొగిడేసి, దిగి, గప్‌చుప్‌గా ఆ బల్ల దగ్గర కూర్చుందామనుకున్నాను. మీ మొహం చూస్తూ నా వల్ల కాలేదు. ఒక్క నిమిషం ఆగండి.

(వక్త వేదిక పక్కనున్న కంప్యూటరు దగ్గరికి వెళ్ళి, తిరిగి వచ్చారు)

తీసేశాను. ఆపడం కాదు, చెరిపేశాను. దానికి ఇంకో కాపీ లేదు. ఇక మీరు వినేదంతా ఆవిడ చెయ్యే. స్వరం తప్పితే అది ఆవిడ తప్పిందే, నిలబడితే ఆవిడ నిలబెట్టిందే.

(సన్మానితురాలు కుర్చీలోంచే: "సర్లే, దిగరా ఇక. నేను వాయించాలి." నవ్వులు, చప్పట్లు)

వస్తున్నానక్కా, ఒక్క మాట. నేనివాళ ఆ బల్ల దగ్గర కూర్చోను. ఇరవై రెండేళ్ళు మీ సంగీతం విన్నానని గొప్పలు చెప్పుకున్నాను గానీ, ఎప్పుడూ స్క్రీను మీద గీత చూస్తూనే విన్నాను. మీ చేతిని చూస్తూ ఒక్కసారి కూడా వినలేదు. నాకు దక్కేది ఈ ఒక్కసారే. కాస్త జరిగి ఎవరైనా ముందు వరుసలో చోటిస్తే వెళ్ళి కూర్చుంటాను. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.