చివరి స్టాండు

బడిలో సైన్సు ప్రదర్శన ముగిసింది. ల్యాబులో వదినా ఆడపడుచూ బల్లలు సర్దుతున్నారు. ఇద్దరూ అక్కడే సైన్సు టీచర్లు.

“అది కాదు వదినా, పొద్దున అయిదు పరమాణువు బొమ్మలూ నేనే వరసగా పెట్టాను. చివరిదే ఏమైపోయిందో!”

“నన్నడిగితే? నీ బొమ్మకి నేను కాపలానా?”

“ఊరికే అన్నాను. ఆగు, జడకేదో అంటుకుంది, తెల్లగా.”

“సుద్దపొడి. చెయ్యి తియ్యి. అయినా ఆ దూది ఉండ పోతే కొంపలు మునిగాయా? మిగతా నాలుగూ ఉన్నాయిగా.”

“అవి నువ్వు చేసినవి.”

“చేశాను. ఇన్నేళ్ళూ వాటితోనే పాఠం చెప్పాను. పరమాణువంటే మొదట గట్టి గోలీ అనుకున్నారు. తర్వాత పుచ్చకాయ, అందులో గింజల్లా ఎలక్ట్రాన్లు. ఆ తర్వాత నడుమ చిన్న కేంద్రకం, చుట్టూ అంతా ఖాళీ. ఆపైన తీగ చుట్ల మీద తిరిగే పూసలు. నువ్వూ నా దగ్గర అలాగే నేర్చుకున్నావు.”

“అవును. పుచ్చకాయ అన్నాయన శిష్యుడే ఆ పుచ్చకాయని పగలగొట్టాడని కూడా నువ్వే చెప్పావు.”

“ఓహో! ఇప్పుడు నా వంతు వచ్చిందన్నమాట.”

“అయ్యో, నేనెప్పుడన్నాను?”

“నువ్వు అనక్కర్లేదు, హెడ్‌మిస్ట్రెస్ అంటోందిగా. ‘మీ ఆడపడుచు ఎలక్ట్రాన్లకని చేసిన దూదిమబ్బు చూశారా, ఎంత కొత్తగా ఉందో!’ నా తీగ చుట్లని ఒక్కనాడైనా తలెత్తి చూసిందా? ఇంట్లో మీ అన్నయ్యా అంతే. చెల్లెలు, చెల్లెలు, చెల్లెలు! ఆ చెల్లెల్ని పట్టుబట్టి బీఎస్సీలో చేర్పించిందెవరు?”

“నువ్వే.”

“ఊఁ... మరి జడ్జీలొచ్చినప్పుడు ఏం చేశావు? నా తీగ చుట్లతో ఆపేశావా?”

“ఆపలేదు. నువ్వు తలనొప్పని స్టాఫ్‌రూంలో కూర్చున్నావు, ఎవర్నడగను? ఖాళీ స్టాండే చూపించాను.”

“చూపించి?”

“ఎలక్ట్రాన్ ఇదిగో ఇక్కడుందని వేలు పెట్టి చూపించలేం, ఎక్కడ ఉండే అవకాశం ఎక్కువో మాత్రమే చెప్పగలం, అందుకే ఇక్కడ ఏ బొమ్మా లేదు అన్నాను.”

“నమ్మారా?”

“చప్పట్లు కొట్టారు. మొదటి బహుమతి ఆ స్టాండుకే.”

“ఖాళీ స్టాండుకా! నీ అదృష్టమేంటే తల్లీ... బొమ్మ ఉన్నా నీకే, లేకపోయినా నీకే!”

“నాక్కాదు వదినా. దీన్నిలా ఖాళీగా ఉంచిందెవరని అడిగారు.”

“ఏం చెప్పావు?”

“మా వదిన అని నీ పేరే రాయించాను. అబద్ధం కాదుగా? ఇంటికెళ్ళేలోపు జడకున్న ఆ దూది తీసెయ్, అన్నయ్య చూస్తాడు.”