మామూలుగా పాడండి

అమెరికాలోని రీనో ఊళ్ళో ఒక పెద్ద కేసినో హోటల్. సాయంత్రం పాటలు మొదలవబోతున్నాయి. బార్ పక్కనున్న చిన్న వేదిక మీద మైకు సరిచేసుకుంటున్న పెద్దావిడ దగ్గరికి కుర్ర మేనేజరు వచ్చాడు.

“ఓపల్ గారూ, నిన్న మీరు పాడినంతసేపూ జూదం మిషన్ల దగ్గర మనిషి లేడు. పైవాళ్ళు నాకు గడ్డి పెట్టారు.”

“ఏం, జనం వెళ్ళిపోయారా?”

“వెళ్ళిపోయినా బాగుండేది! ఇక్కడికొచ్చి కూర్చున్నారు. బఫేలో తిన్నవాళ్ళు కూడా ఆటకి పోకుండా మీ ముందే చతికిలబడ్డారు.”

“పాడేదాన్ని పెట్టుకుని, జనం వింటున్నారని ఏడుస్తావేంటయ్యా?”

“వినడానికి కాదండీ మిమ్మల్ని పెట్టింది. పాట అలా చెవిన పడుతుండాలి, చెయ్యి మాత్రం మిషన్ మీదే ఉండాలి. కాస్త మామూలుగా పాడండి.”

“నలభై ఏళ్ళు సాధన చేసింది మామూలుగా పాడ్డానికా? అలాంటిది మీ లిఫ్టులో మోగుతూనే ఉందిగా, దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టుకో.”

“ఇవాళ కూడా ఇలాగే అయితే అదే పెడతారట. రేపట్నుంచి మీరు రానక్కర్లేదంటారు.”

“అననీ. ఇవాళైతే నాదే కదా! అది సరే, నిన్న నువ్వెక్కడున్నావ్?”

“అదిగో, ఆ స్తంభం పక్కన.”

“ఎంతసేపు?”

అతను టై సర్దుకున్నాడు.

“ఆఖరి పాట దాకా.”

“నిలబడేనా?”

“నిలబడే.”

“పాపం, కాళ్ళు లాగేసుంటాయి. ఇవాళ ముందే ఓ కుర్చీ వేసుకో.”