మా ఇంట్లో సెలవు రోజు

పాత కాగితాల గది, సాయంత్రం. బల్లకి ఇటు ఆమె, అటు ముసలి గుమాస్తా. ఆయన ఒకప్పుడు ఆమెకి చదువు చెప్పిన మాస్టారే.

“నా అర్జీ చదవండి మాస్టారూ, పైకి చదవండి. తప్పులుంటే దిద్దండి. మీకది అలవాటేగా.”

“తప్పులేం ఉంటాయమ్మా... నీ రాత చిన్నప్పటి నుంచీ ముత్యాల్లాంటిదే. కూర్చో ముందు. మంచినీళ్లు తాగుతావా?”

“నీళ్లొద్దు, ముద్ర వేయండి. ఇవాళే ఆఖరి రోజు. గంట కొడితే మీరు తలుపేసుకుంటారు, మళ్లీ నేనెవరి కాళ్లు పట్టుకోవాలి?”

“ముద్ర... ఇక్కడే ఉండాలే. పొద్దున్న వాడాను.”

“మీ చేతి కిందే ఉంది.”

“ఆఁ, అవును. ఉంది. ఈ పేరు మరి... బాగా ఆలోచించుకునే రాశావా తల్లీ?”

“ముప్ఫై ఒక్క ఏళ్లు ఆలోచించా, చాలదా? మా పక్కింటి పాలామె. మా తాతని పట్టిచ్చింది ఆవిడే. ఇవాళ సాయంత్రం వెళ్లి రాసిచ్చేస్తానని పొద్దున్నే వీధంతా వినేలా అరిచా. కొత్త రాజుగారి శాసనం ఏమంది? ఎవరి దేవుణ్ణి వాళ్లు కొలుచుకోండి, ఆ రోజుల్లో మిమ్మల్ని పట్టిచ్చిన వాళ్ల పేర్లు రాసివ్వండి, వాళ్లకి ఇల్లూ వాకిలీ లేకుండా చేస్తాం అంది. రాసిచ్చా. ఇంకేం కావాలి?”

“శాసనాలకేముందమ్మా, అదీ శాసనమే, ఇదీ శాసనమే. ఇళ్లలో ప్రార్థన చేసేవాళ్ల పేర్లు చెప్పమన్నాడు పాతాయన. ఆ చెప్పినవాళ్ల పేర్లు చెప్పమంటున్నాడు ఈయన.”

“పాఠం వద్దు మాస్టారూ.”

“వద్దులే. కానీ పేరొక్కటే రాస్తే సరిపోదు. పట్టిచ్చినవాళ్లు తమంతట తాము ఒప్పుకుంటే సరే, లేకపోతే మీ తాతని పట్టుకెళ్లినప్పటి కాగితాల సంచి విప్పి సరిచూడాలి.”

“విప్పండి, ఎవరొద్దన్నారు?”

“విప్పొచ్చు... ముడి గట్టిగా పడింది. సాక్ష్యం ఏదైనా ఉందా నీ దగ్గర?”

“మూడుసార్లు కొట్టారు మాస్టారూ! తలుపు. మెల్లగా, మూడుసార్లు. సెలవు రోజు, తాత పాడుతున్నాడు. మనవాళ్లెవరో వచ్చారనుకుని అమ్మ తీసింది. ఎదురుగా సిపాయిలు. ఆ మూడు దెబ్బల గుర్తు మావాళ్లకీ, పాలు పోయడానికొచ్చే పాలత్తకీ తప్ప ఇంకో పిట్టకి తెలీదు.”

“పాలత్త అంటున్నావు, ఇంకా.”

“నోటి అలవాటు, చావదు. అమ్మ వెళ్లి నిలదీస్తే, చంకలో బిందె పెట్టుకుని ‘అవును, నేనే’ అంది. కాదని మాటవరసకైనా అనలేదు! ఆ రోజు నుంచి ఆవిడ పాలచుక్క మా గడప దాటలేదు. ఆవిడ మొగుడు పోయిన రోజున కిటికీ మూసుకున్నాం. ఎదురొస్తే ఉమ్మేశా. ఒకసారి కాదు.”

“ఉమ్మేశావా...”

“తాత మళ్లీ ఇంటికి రాలేదు మాస్టారూ! ఆవిడ్ని నెత్తిన పెట్టుకోమంటారా?”

“ఆ పేరు కొట్టెయ్యమ్మా. నా పేరు రాయి.”

“మీదా? మతిగానీ పోయిందా?”

“మతి ఉండే చెప్తున్నా, రాయి. ఆ ఏడాది బడులక్కూడా ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలందరి చేతా వ్యాసం రాయించాలి, ‘మా ఇంట్లో సెలవు రోజు’ అని. పేర్లతో సహా పైకి పంపాలి. ఎందుకో చెప్పలేదు.”

“మీకు తెలీదా?”

“తెలీదనే చెప్పుకున్నా చాన్నాళ్లు. తెలుసమ్మా. నలభై మంది పిల్లలు తలలొంచుకుని రాస్తున్నారు. ఆపండిరా, వద్దు అని ఒక్కమాట... గొంతుదాకా వచ్చింది. ఉద్యోగం పోతుంది, పెళ్లాం, పిల్లలు... సాకులకేం, సవాలక్ష. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ కాగితాలు పంపాను. ఆ తర్వాత పలక పట్టుకోవాలంటే చేతులు రాలేదు. అందుకే ఈ దుమ్ములో పడున్నా.”

“అంటే మా ఇంటి సంగతి ఎవరో పిల్ల రాసిందంటారు! ఎవరి పిల్లండీ ఆ దరిద్రప్పిల్ల?”

“తిట్టకమ్మా.”

“తిట్టనా? మా తాత ప్రాణం తీసిన దాన్ని...”

“తిట్టకు! ...తిట్టకు తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఏడేళ్ల పిల్ల.”

“ఏడేళ్లా? అయితే మా తరగతే... ఎందుకలా చూస్తున్నారు? మాస్టారూ? ఒళ్లో ఆ సంచేంటి?”

“ఏం లేదు. పాత కాగితాలు.”

“తాత పేరుంది దానిమీద. ఇటివ్వండి.”

“వద్దమ్మా. చూపించనని మాటిచ్చాను.”

“ఎవరికి?”

“ఆ పేరు కొట్టేసి ఇంటికెళ్లిపో. చాలు.”

“కొట్టెయ్యను. సంచి ఇస్తారా, ముద్ర వేస్తారా?”

“...ఇదిగో.”

“‘మా ఇంట్లో సెలవు రోజు. సెలవు రోజు మేము తలుపులు వేసుకుంటాము. కిటికీకి దుప్పటి కడతాము. అప్పుడు మా తాత దేవుడి పాటలు పాడతాడు. మా తాత చాలా బాగా పాడతాడు. మాస్టారూ, మీరు కూడా ఒకసారి రండి. మెల్లగా మూడుసార్లు కొడితే మా అమ్మ...’”

“చాలమ్మా. చాలు.”

“‘...మా అమ్మ తలుపు తీస్తుంది.’ ముత్యాల్లాంటి రాత అన్నారు ఇందాక.”

“అన్నాను.”

“ఎన్ని మార్కులొచ్చాయని మీ వెంటపడ్డాను. తర్వాత చెప్తా, తర్వాత చెప్తా అన్నారు. ఇక్కడ, ఎర్రసిరాతో... పదికి పది.”

“మంచి వ్యాసమనిపించింది, వేశాను. వేశాకైనా చింపేయొచ్చు. చింపలేదు.”

“నేను... నేనేనా? తాతని నేనేనా మాస్టారూ?”

“నువ్వు కాదు. నీకేం తెలుసు? నేను.”

“మరి పాలత్త? చేయని పనికి అవునని ఎందుకంది? నేను ఉమ్మితే కొంగుతో తుడుచుకుని పోయేది! ఒక్కమాట, ఒక్కటంటే ఒక్కమాట అనలేదు!”

“ఈ కాగితం మీ తాతకి చూపించే పట్టుకెళ్లారట. బండెక్కిస్తుంటే, పక్కనే ఉన్న ఆవిడతో, ‘పిల్లకి తెలియనివ్వకు’ అన్నాడట. అంతే. అది పట్టుకుని బతికింది.”

“ఎవరు చెప్పారు మీకు?”

“ఆవిడే. పొద్దున్న వచ్చింది.”

“ఇక్కడికా? ఎందుకు?”

“ఇదిగో, ఈ ఒప్పుకోలు కాగితం ఇవ్వడానికి. ఇంకా పెట్టెలో వేయలేదు, చేతులు రాలేదు. పట్టిచ్చింది తానేనని నాచేత రాయించి, వేలిముద్ర వేసి పోయింది. ‘పిల్ల సాయంత్రం వస్తుంది మాస్టారూ, నేనే ఒప్పేసుకుంటే ఇంక ఆ సంచి విప్పే పనుండదు కదా’ అంది.”