పాప దిండు

పగటిపూట. గోడలకు దుప్పట్లు వేలాడదీసిన మేడ గది. మనవరాలు సినిమాలకు చప్పుళ్ళు తయారుచేస్తుంది. అమ్మమ్మ ఇప్పుడే లోపలికి వచ్చింది.

"ఇలా రా అమ్మమ్మా, దగ్గరగా రా. ఈ హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని విను. ఏమనిపిస్తోంది?"

"ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది."

"అయ్యో, అది గుండె చప్పుడు! దిండు మీద నేనే గుద్దాను. సినిమాలో ఒకావిడ చంటిదాన్నెత్తుకుని మేడ మీద కిటికీ దగ్గర నిలబడుతుంది. వదిలేస్తే? అనిపిస్తుంది. అక్కడ దబ్, దబ్, దబ్..."

"అనిపిస్తే అంత మోతెందుకే?"

"భయమని తెలియాలిగా."

"భయం చప్పుడు చెయ్యదే పిల్లా. కూర తరుగుతుంటే, జడ వేసుకుంటుంటే పక్కనొచ్చి కూర్చుంటుంది, అంతే. తర్వాత ఏం చేస్తుంది ఆవిడ?"

"ఏం చేస్తుంది... వదిలేస్తుంది."

"వదిలేస్తుందా!"

"అన్ని సినిమాల్లోనూ అంతే. ఆ తలపంటూ వచ్చిందా, చివరికి చేసి తీరుతుంది. ఎన్నిటికి గుద్దానో నేను."

"అది సరే. నువ్వు గుద్దుతున్నది నీ పాప దిండు కదూ?"

"మెత్తగా ఉందని..."

"మరి పాప దేని మీద పడుకుంటోంది?"

"వదిన దగ్గరుంది."

"నిన్నా వదిన దగ్గరే అన్నావు. మొన్నా..."

"పనుందమ్మమ్మా! ఇదిగో, ఇంకోసారి విను..."

"వినను. నా వైపు చూడు. ఆవిడకొచ్చిన తలపు నీకూ వస్తోందా?"

"ఉండమ్మమ్మా, ఈ తీగ సర్దాలి..."

"చెప్పు తల్లీ."

"స్నానం చేయించేటప్పుడు. నీళ్ళు చూస్తే... ముంచేస్తానేమోనని. వదిననే పెంచుకోమంటాను అమ్మమ్మా. నేను దూరంగా ఉంటే అది బతుకుతుంది."

"ఓసి పిచ్చిదానా! ఈ గది కిటికీ ఎందుకు తెరుచుకోదో తెలుసా?"

"చెక్క ఉబ్బిపోయిందనుకున్నా..."

"ఉబ్బడమేంటి! మేకులు నేనే కొట్టాను. అప్పుడో చంటిపిల్ల నా చేతిలో ఉండేది. కన్నతల్లేమో ఆసుపత్రిలో. దాన్నెత్తుకుని కిటికీ దగ్గరకెళ్తే చాలు, జారవిడిస్తే? జారవిడిస్తే? తల బాదుకున్నా పోదు. మీ తాతయ్యకి దొంగల భయమని చెప్పాను. మూడో అంతస్తుకి దొంగలేంటే, రెక్కలున్నాయా వాళ్ళకి అని నవ్వాడు."

"తర్వాత?"

"ఇంటికొచ్చి టీకాలేసే నర్సమ్మ ఆ మేకులు చూసి పసిగట్టింది. ఆ తలపొస్తే నీకెలా ఉంటుంది అంది. చచ్చిపోతున్నట్టుంటుందమ్మా అన్నాను. వదిలేద్దామనుకునే మనిషి కిటికీకి మేకులెందుకు కొడుతుంది అంది. తనే చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరకి తీసుకెళ్ళింది. మందులిచ్చారు, కూర్చోబెట్టి మాట్లాడించారు. ఒక్కరోజులో పోలేదులే. ఇప్పటికీ ఆ తలపు అప్పుడప్పుడు తొంగిచూస్తుంది. చూసి పోతుంది."

"సినిమాలో అలా ఎవరూ..."

"మేకులు కొట్టుకునే ముసల్దాన్ని చూడ్డానికి టికెట్టెవడు కొంటాడే?"

"అమ్మమ్మా... ఆ పాప ఏమైంది?"

"ఏమవుతుంది? పెరిగి పెద్దదై, దిండు మీద గుద్దుతూ సినిమావాళ్ళకి గుండె చప్పుళ్ళు చేసిపెడుతోంది. లే, డాక్టరమ్మ దగ్గరకెళ్దాం. దారిలో పాపని నువ్వే ఎత్తుకో. ఇదంతా మర్చిపోకు. రేపు దానికో బిడ్డ పుట్టినప్పుడు, ఇలాగే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పు."